ప్రెజెంట్ పర్ఫెక్టా, సింపుల్ పాస్టా: ఎలా తేల్చుకోవాలి?

ఇంగ్లిషు వాక్యంలో ఈ రెండింటిలో ఏది రావాలో తేల్చే పనికి క్రియల మూడు రూపాల పట్టిక ఒక్కటి చాలు. గో, వెంట్, గాన్ వంటివి నోటికి రానివారు ముందు వాటిని కంఠస్థం చేయాలి. 'హ్యావ్' లేదా 'హ్యాజ్' తరువాత మూడో రూపం వస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్. రెండో రూపం ఒంటరిగా నిలిస్తే సింపుల్ పాస్ట్.

మొదట వాక్యంలో గడిచిన కాలాన్ని సూచించే మాట ఉందేమో చూడాలి. నిన్న, పోయిన సంవత్సరం, 2014లో, అయిదు నిమిషాల క్రితం వంటివి ఉంటే సింపుల్ పాస్టే రాయాలి. వరంగల్, హనుమకొండలలో ఇంగ్లిషు నేర్చుకునేవారి నోట్సులలో 'ఇప్పుడే జరిగితే ప్రెజెంట్ పర్ఫెక్ట్, ఎప్పుడో జరిగితే పాస్ట్' అనే సూత్రం కనిపించినప్పుడల్లా నేను దానిని కొట్టివేయిస్తాను. కాజీపేటలో అయిదు నిమిషాల క్రితం దిగినవారు కూడా 'ఐ రీచ్డ్ కాజీపేట ఫైవ్ మినిట్స్ అగో' అనాలి. చిన్నతనంలో రామప్ప గుడి చూసినవారు, ఎప్పుడన్నది చెప్పనంతవరకు, 'ఐ హ్యావ్ సీన్ రామప్ప' అనవచ్చు. ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది లెక్కలోకి రాదు.

అసలు చిక్కు కాలం చెప్పని వాక్యాలలో ఉంది. ఇక్కడ తొందరపడకూడదు. మాట్లాడేవారి మనసులో ఫలానా సందర్భం ఉన్నదా, లేక ఇప్పటివరకూ గడిచిన జీవితం మొత్తం ఉన్నదా అని ఆగి ప్రశ్నించుకోవాలి. 'హ్యావ్ యూ ఎవర్ బీన్ టు మేడారం?' అన్న ప్రశ్నలో సందర్భమేదీ లేదు కనుక 'యెస్, ఐ హ్యావ్' అని జవాబిస్తాము. 'ఐ వెంట్ ఇన్ 2024' అన్న మరుక్షణం ఆ జాతర ముగిసిన సందర్భంగా నిలబడుతుంది. ఎవరితో వెళ్ళారు, ఎక్కడ బస చేశారు అన్న వివరాలలో సంవత్సరం మళ్ళీ చెప్పకపోయినా, అవన్నీ సింపుల్ పాస్ట్‌లోనే నడవాలి. ఎక్కువమంది తప్పేది ఈ రెండో వాక్యం నుంచే: మొదట పెట్టిన 'హ్యావ్'ను చివరిదాకా మోసుకుపోతారు. 'వెన్ హ్యావ్ యూ గాన్?' అన్నదీ ఆ అలవాటు ఫలితమే. 'వెన్ డిడ్ యూ గో?' అనాలి.

'ఫర్' కనబడగానే 'హ్యావ్' తగిలించడం మరో ప్రమాదం. 'ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ హనుమకొండ ఫర్ టెన్ ఇయర్స్' అంటే ఇంకా అక్కడే ఉంటున్నారని అర్థం. ఊరు మారినవారు 'ఐ లివ్డ్' అనాలి. ఉద్యోగ దరఖాస్తులో మానేసిన కొలువు గురించి 'ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అని రాస్తే, చదివే అధికారి ఆ అభ్యర్థి ఇంకా అక్కడే పనిచేస్తున్నారని అనుకుంటారు.

'దిస్ మార్నింగ్' ఉన్నప్పుడు గడియారం చూడాలి. ఉదయం పదింటికి 'హ్యావ్ యూ సీన్ హిమ్ దిస్ మార్నింగ్?' సరైనదే, సాయంత్రానికి 'డిడ్ యూ సీ' కావాలి. 'జస్ట్', 'ఆల్రెడీ', 'యెట్' ఉన్నచోట అమెరికన్లు సింపుల్ పాస్ట్ కూడా వాడతారు. నా దగ్గర రాసేవారు మాత్రం 'హ్యావ్' పెట్టి తీరాలి.