ఇల్లు మారిన పొరుగువారి నుంచి నష్టం రాబట్టుకోవాలంటే

పై ఫ్లాటు నుంచి నీళ్లు కారి మీ గోడలూ అల్మారాలూ పాడయ్యాక ఆ ఇంటివారు ఖాళీ చేసి వెళ్లిపోతే, ఫొటోలు, ప్లంబరు రాసిచ్చిన కారణం, మరమ్మతు బిల్లులు భద్రపరచి, వారి కొత్త చిరునామా కోసం అపార్ట్‌మెంట్ సంఘాన్ని, అద్దెకున్నవారైతే ఆ ఫ్లాటు యజమానిని అడగండి. సొంతదారులైతే సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీలో (ఆ ఆస్తి లావాదేవీలను చూపే ధ్రువపత్రంలో) పేరు, దస్తావేజు నకలులో అప్పటి చిరునామా దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అది తిరిగివచ్చినా ఆ కవరును విప్పకుండా దాచండి. వారు ఏ ఊళ్లో ఉన్నా, స్థిరాస్తికి జరిగిన నష్టానికి ఆ ఆస్తి ఉన్నచోటి కోర్టులోనే దావా వేయవచ్చు. గడువు సాధారణంగా 3 ఏళ్లే. అంతకన్నా ముందు, కోర్టు ఫీజు అక్కర్లేని లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించడమే మేలని నా గట్టి నమ్మకం. అందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి.