కిండర్‌గార్టెన్‌కి ముందు వచ్చే పేచీలు: సమస్య, కారణం, పరిష్కారం

బడిలో చేర్చేముందు మనం ఆరా తీసేది అక్షరాలు వచ్చాయా, ఇరవై వరకు లెక్కపెడుతుందా అని. మొదటి నెలలో ఇబ్బంది పెట్టేవి మాత్రం అవి కావు. నీళ్ల బాటిల్ మూత తిరగదు, ప్యాంటు బొత్తాం ఊడదు, అమ్మ ఎప్పుడొస్తుందో తెలియదు. అక్షరాలు నేర్పడానికి బడి ఎలాగూ ఉంది. ఈ మిగతా పనే ఇంట్లో జరగాలి.

సమస్య: గేటు దగ్గర గుక్కపట్టి ఏడుపు

కారణం: అమ్మానాన్నల్ని విడిచి ఉండలేని బెంగ సాధారణంగా ఎనిమిది నెలల వయసు ప్రాంతంలో మొదలై, మూడేళ్లకల్లా చాలామందిలో తగ్గుతుంది. కొత్త చోటు ఎదురైతే మళ్లీ తలెత్తుతుంది. ఇది జబ్బు కాదు. అయితే దాన్ని పెంచేది చాలాసార్లు మనమే. బొమ్మ చూపించి, అటు తిరగగానే మెల్లగా జారుకుంటాం. ఆ పూటకి గండం గడుస్తుంది గానీ, మర్నాడు చెప్పులు వేసుకునేటప్పటి నుంచే కొంగో చొక్కానో పట్టుకుని వదలరు. కాస్త ఆదమరిస్తే మాయమైపోతారని అప్పటికే తెలిసిపోయింది మరి.

పరిష్కారం: చెప్పే వెళ్లాలి, చెప్పి వెంటనే వెళ్లాలి. ఒక ముద్దు, ఒక టాటా, అంతే. నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూస్తే ఏడుపు నాలుగుసార్లు మొదలవుతుంది. ‘మూడింటికి వస్తా’ అంటే ఆ వయసుకి అర్థం కాదు. ‘అన్నం తిన్నాక, కథ అయ్యాక వస్తా’ అంటే అర్థమవుతుంది. అన్న వేళకి తప్పకుండా రావాలి. బడి మొదలవకముందే నమ్మకమైన మనిషి దగ్గర అరగంట, తర్వాత ఒక పూట వదిలి అలవాటు చేయండి. మీరు వెళ్లాక కాసేపటికే సర్దుకుంటోందని టీచర్ చెబితే టెన్షన్ పడక్కర్లేదు. వారాలు గడిచినా రోజూ కడుపునొప్పి, వాంతులు అంటుంటే మాత్రం పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

సమస్య: ఇంట్లో టాయిలెట్‌కి వెళ్తుంది, బయట బట్టలు తడుపుకుంటోంది

ఇక్కడ కారణం కనిపెట్టాలంటే ఒకసారి పక్కన నిలబడి, సాయం చేయకుండా చూడండి. కాళ్లు మెలిపెట్టుకుని, పొట్ట లోపలికి లాక్కుని, రెండు చేతులతో బొత్తాంతో కుస్తీ పడుతుంటారు. బొత్తాం ఊడేలోపే పని అయిపోతుంది. అలాంటప్పుడు మార్చాల్సింది పిల్లని కాదు, ప్యాంటుని. ఎలాస్టిక్ నడుమున్నవి వేయండి.

అది కాకపోతే అడగడం రాకపోవచ్చు. ఇంట్లో వాడే ముద్దుమాట టీచర్‌కి తెలియదు. ‘టీచర్, టాయిలెట్‌కి వెళ్లాలి’ అని పైకి అనడం ఆటలాగా ఇంట్లోనే సాధన చేయించండి. ఆటలో పడి మరిచిపోయే పిల్లలకి, బయల్దేరేముందు ఒకసారి వెళ్లే అలవాటు పనికొస్తుంది.

చాలామందికి తట్టని కారణం మలబద్ధకం. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే చుక్కలు చుక్కలుగా తడుస్తుంది. తిట్టినా, సిగ్గుపడేలా చేసినా ఇంకా బిగపట్టుకుంటారు, సమస్య ముదురుతుంది. బాగా అలవాటైన పిల్ల హఠాత్తుగా మళ్లీ తడపడం మొదలుపెడితే డాక్టర్‌కి చూపించాలి. దానికి తోడు విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే ఆ రోజే తీసుకెళ్లండి, అవి మధుమేహం లక్షణాలు కావచ్చు.

సమస్య: పొద్దున్న లేవరు, లేచినా చిరాకు

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. బడి తెరిచే ముందురోజు రాత్రి ‘త్వరగా పడుకో’ అంటే నిద్ర రాదు. రెండు మూడు వారాల ముందు నుంచి లేచే వేళని, పడుకునే వేళని పావుగంట చొప్పున ముందుకి జరపండి. పడుకునే ముందు గంటసేపు ఫోన్, టీవీ బంద్.

సమస్య: పెన్సిల్ గుప్పిట్లో పట్టుకుంటున్నాడు

బొటనవేలు, మరో రెండు వేళ్లతో పట్టుకోవడం చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. భుజం, మణికట్టు బలపడకుండా చుక్కలు కలిపే పుస్తకాలు ముందేస్తే రాత మీద విసుగు పుట్టడం తప్ప లాభం లేదు. అరిగిపోయిన చిన్న క్రేయాన్ ముక్క ఇవ్వండి, గుప్పిట పట్టడానికి చోటే ఉండదు. కాగితం గోడకి అతికిస్తే మణికట్టు దానంతటదే సరైన తీరులో నిలుస్తుంది. పిండి పిసకడం, కాగితాలు చింపడం కూడా రాతకి తయారీయే. ఎడమచేతి వాటమైతే మార్చకండి.

సమస్య: ఇంట్లో వాగుడుకాయ, బడిలో బెల్లం కొట్టిన రాయి

మొదటి నెల వదిలేయండి, కొందరు చూసి చూసి గానీ నోరు విప్పరు. పిల్లాడి ముందే ‘వీడికి సిగ్గెక్కువ’ అనడం మానండి. నెల దాటినా బడిలో ఒక్క మాటా రాకపోతే నిపుణుల సలహా తీసుకోండి. పిలిచినా తిరగకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. జలుబుల తర్వాత చెవిలో నీరు చేరి, తాత్కాలికంగా సరిగా వినపడకపోవడం ఈ వయసులో మామూలే.

సమస్య: బడిలో బుద్ధిమంతురాలు, ఇంటికి రాగానే రభస

పొద్దున్నుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్న అలసట అది. నిశ్చింతగా బయటపెట్టగలిగే చోటు ఇల్లే. పైగా ఆకలి. గుమ్మంలోనే ‘ఈరోజు ఏం నేర్చుకున్నావ్?’ అని అడిగితే ‘ఏం లేదు’ అనే జవాబే వస్తుంది. ముందు తినడానికి ఏదైనా పెట్టి, అరగంట ఊరికే ఉండనివ్వండి. ‘నీ పక్కన ఎవరు కూర్చున్నారు?’ లాంటి చిన్న ప్రశ్న స్నానం చేయించేటప్పుడు వేస్తే కబుర్లు వాటంతటవే వస్తాయి.