గుడారం ఏ వైపు తిరిగి ఉంది? దినదిన నిర్ణయాలను విశ్వాసంతో తీర్చుకునే విధానం

ఆదికాండము 13వ అధ్యాయంలో లోతు చేసినది చూడటానికి చాలా మామూలు పని. మందలు పెరిగి కాపరుల మధ్య జగడం వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాము తన హక్కును పక్కన పెట్టి, ఏ వైపు కావాలో కోరుకోమని తమ్ముడి వరస కాదు, కొడుకు వరస అయిన లోతుకే వదిలిపెట్టాడు. లోతు కన్నులెత్తి చూశాడు, యొర్దాను మైదానం నీళ్లు పారుతూ పచ్చగా కనిపించింది, దానినే ఎంచుకున్నాడు. కాలువ కింది మాగాణి, వానకు ఎదురుచూసే మెట్ట పక్కపక్కన ఉంటే మనలో మెట్టను కోరుకునేవారు ఎందరు? ఆ ఎంపికను లేఖనం అక్కడ తిట్టదు కూడా. అదే అధ్యాయం 12వ వచనంలో అతని గుడారం దుర్మార్గానికి పేరుపడిన సొదొమ పట్టణం దగ్గర ఉంటుంది, 14వ అధ్యాయానికి వచ్చేసరికి అతడు సొదొమలోనే కాపురం ఉంటాడు, 19వ అధ్యాయంలో ఊరి పెద్దలు కూర్చునే గవిని దగ్గర కూర్చుని కనిపిస్తాడు. ఈ మూడు చోట్ల మధ్య “నేను ఇక సొదొమవాడిని అవుతాను” అని లోతు తీర్మానించుకున్నట్టు ఒక్క వచనమైనా లేదు.

మన జీవితాలు కూడా ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు కొనడం వంటి పెద్ద నిర్ణయాల కోసం ఉపవాసం ఉండి ప్రార్థిస్తాము గాని, ఆ పెద్ద నిర్ణయం వచ్చే నాటికి మనం ఎలాంటి మనుషులమై ఉంటామో తేల్చేవి నిర్ణయాలుగానే మనకు తోచని చిన్న పనులు. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతి దేవుని చిత్తాన్ని ఒక్కసారిగా కనిపెట్టే ఉపాయం కాదు. గుడారం ఏ వైపు తిరిగి ఉందో గమనించుకుని, దానిని తగిన వైపుకు తిప్పుకుని, అక్కడే మేకులు దిగగొట్టడానికి పనికివచ్చే కొన్ని అలవాట్లు మాత్రమే.

మొదట ఒక వారం లెక్క రాయండి

“మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము” అని 90వ కీర్తనలో మోషే చేసిన ప్రార్థనను అక్షరాలా పాటించడంతో మొదలుపెట్టవచ్చు. ఒక నోటుపుస్తకం తీసుకుని ఏడు రోజుల పాటు నాలుగు విషయాలు మాత్రం రాయండి: లేవగానే మొదట చేసిన పని, డబ్బు వెళ్లిన చోట్లు, ఇంట్లోవారితో కోపంగా గాని, ఇతరుల గురించి చులకనగా గాని అన్న మాటలు, ఎవరూ అడగని ఖాళీ సమయం గడిచిన తీరు. జ్ఞాపకం మీద ఆధారపడకండి, ఎందుకంటే మన జ్ఞాపకం మన పక్షానే సాక్ష్యం చెబుతుంది. ఏ యాప్ ముందు ఎన్ని గంటలు కూర్చున్నామో ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, యూపీఐ చెల్లింపుల జాబితాలో ప్రతి రూపాయి వెళ్లిన తేదీ ఉంటుంది. వాటిని చూసి రాస్తే, ఆదివారం ఆరాధనలో చెప్పుకునే జీవితానికీ వారంలో నిజంగా గడిపే జీవితానికీ మధ్య దూరం ఎంతో కాగితం మీద కనిపిస్తుంది.

వారం చివర ఆ పుటలను తిరగేస్తూ ఒక్కొక్క వరుస దగ్గర ఆగి, “ఇది పదేళ్లు ఇలాగే సాగితే నేను ఎక్కడ ఉంటాను?” అని అడగండి. ఇది పాపమా కాదా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. అన్ని విషయాలలో స్వాతంత్ర్యం ఉన్నా అన్నీ చేయదగినవి కావనీ, అన్నీ క్షేమాభివృద్ధి కలుగజేయవనీ పౌలు కొరింథీయులకు రాసింది సరిగ్గా ఇలాంటి వాటి గురించే. రాత్రి పన్నెండు వరకు చిన్న వీడియోలు చూడటం పది ఆజ్ఞలలో దేనినీ నేరుగా మీరదు. అయితే మరునాటి తెల్లవారుజాము ప్రార్థనను, పిల్లలతో ఓపికగా మాట్లాడే శక్తిని అది ముందురోజే ఖర్చు పెట్టేస్తుంది. దర్జీ కొలతలో, కూరగాయల తూకంలో, ఆఫీసు బిల్లులో చేసే చిన్న సర్దుబాటు సంగతి వేరు. “దొంగత్రాసు యెహోవాకు హేయము” అన్న సామెతల మాట దగ్గర పదేళ్ల లెక్క వేయనక్కర లేదు.

ఆ వేళ రాకముందే తీర్మానించుకోండి

ఈ పద్ధతిలో ఎక్కువ బరువు మోసే భాగం ఇదే. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో రాజు భోజనం ఎదుట పెట్టాక దానియేలు ఆలోచించలేదు. తనను తాను అపవిత్రపరచుకోకూడదని ముందుగానే ఉద్దేశించుకున్నాడు. ఆ తరువాత అతడు వాడిన మర్యాదను కూడా గమనించాలి. పళ్లెం నేలకు కొట్టలేదు, నపుంసకుల అధిపతిని వేడుకున్నాడు, పది రోజులు పరీక్షించి చూడమని ఒక దారి చూపించాడు. ఎన్నో ఏళ్ల తరువాత, సింహాల గుహ ఎదురుగా ఉన్నప్పుడు, అతడు చేసింది కొత్త వీరకార్యమేమీ కాదు. రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు కిటికీ దగ్గర మోకాళ్లూని ప్రార్థించే తన అలవాటును ఆ రోజు మానలేదు, అంతే. ప్రార్థనను నిషేధించే రాజు శాసనం వచ్చిన రోజున ప్రార్థన మొదలుపెట్టవలసి ఉంటే ఆ కిటికీ తెరుచుకునేదో లేదో!

మన ఇళ్లలో దీనిని ఎలా ఆచరించాలి? తీర్మానానికి ఒక గడియ, ఒక చోటు, ఒక వస్తువు జతచేయాలి. “ఇకనుంచి బైబిలు బాగా చదువుతాను” అన్నది కోరిక మాత్రమే. “కాఫీ కాచుకునే ముందు, వంటింటి బల్ల దగ్గర, ఒక అధ్యాయం చదువుతాను, ఫోన్ రాత్రి నుంచి ముందు గదిలోనే ఉంటుంది” అన్నది తీర్మానం. కుటుంబ ప్రార్థన “వీలైనప్పుడు” అని పెట్టుకుంటే వీలు ఎన్నడూ రాదు, రాత్రి భోజనానికి కంచాలు పెట్టకముందు అని పెట్టుకుంటే ఆకలే గంట కొడుతుంది. దశమభాగం గాని, పేదలకు తీసిపెట్టేది గాని జీతం పడిన రోజునే విడిగా ఉంచాలి, నెలాఖరున మిగిలిన దానిలో నుంచి ఇద్దామనుకున్నవారు ఇచ్చినట్టు నేను పెద్దగా చూడలేదు.

ఈ సంగతిని మన పాత తరం క్రైస్తవ గృహిణులు ఏ పుస్తకం చదవకుండానే గ్రహించారు. చాలా పల్లె సంఘాలలో బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, వారానికొకసారి గుడికి తెచ్చే ఆచారం ఉండేది, కొన్ని చోట్ల ఇంకా ఉంది. మిజోరంలో దీనినే బుహ్ఫాయి థామ్ అంటారు, అక్కడి సంఘాల పరిచర్యకు అది పెద్ద ఆధారం. పిడికిలి 50 గ్రాములనుకుని పూటకొకటి చొప్పున రెండు పూటలు తీస్తే, ఏడాదికి 36 కిలోలు దాటుతుంది. ఒకేసారి 36 కిలోల బియ్యం ఇమ్మంటే ఇవ్వలేని ఇల్లు, పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇవ్వగలుగుతుంది. ఇక్కడ రహస్యమంతా ఆ పిడికెడు ఎసట్లో పడకముందే బయటికి రావడంలో ఉంది.

ముందే తీర్మానించుకోవడం ఎంత దూరం వెళ్తుందో ఒంగోలు చరిత్ర చెబుతుంది. 1876-78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని కల్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చినవారు చాలామంది. అయినా తిండి కోసం చేరారన్న మాట వారి విశ్వాసానికి అంటకూడదని, కరువు సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను అందరూ చెబుతారు. దాని వెనుక నెలల తరబడి “ఇప్పుడు కాదు” అన్న మాటను నిలబెట్టుకోవడం ఉందని మాత్రం తక్కువమంది చెబుతారు.

స్పష్టంగా ఉన్నదానికి సూచన అడగకండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డు తీసుకోవడం మనకు ప్రీతికరమైన అలవాటు. ఆ వాక్యం ఏడాది పొడవునా ధైర్యం చెబితే మంచిదే. కానీ పొలం అమ్మాలా వద్దా, ఫలానా సంబంధం ఖాయం చేసుకోవాలా వద్దా అన్నది కార్డులో పడిన వచనాన్ని బట్టి, లేదా కళ్లు మూసుకుని తెరిచిన పుటను బట్టి తేల్చడం వాక్యాన్ని గౌరవించడం కాదు, దానితో చీటీలు వేయడం. నేల మీద గొఱ్ఱెబొచ్చు పరిచి, మంచుతో సూచన ఇమ్మని దేవుణ్ణి అడిగిన గిద్యోను కథను దీనికి ఆధారంగా చూపుతారు. అయితే దేవుడు చెప్పవలసింది చెప్పిన తరువాతే గిద్యోను దానిని పరిచాడు. తెలియక కాదు, తెలిసినదానికి భయపడి.

కాబట్టి ఎదుట ఉన్న ప్రశ్నను ముందుగా రెండింటిలో ఏదో తేల్చుకోవాలి. మొదటిది, వాక్యం ఇప్పటికే మాట్లాడిన విషయం. పనివాళ్ల కూలి బిగబట్టవచ్చా అన్నదానికి యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఉంది, వేరే సూచన అక్కర లేదు. కట్నం సంగతీ అంతే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నేరమంటుంది, పొరుగువాని సొమ్మును ఆశించవద్దన్న ఆజ్ఞ అంతకంటే ఎంతో పాతది. “మేము అడగలేదు, వాళ్లే ఇష్టపూర్వకంగా పెట్టారు” అన్న మాట మన విశ్వాసుల ఇళ్లలోనూ వినిపిస్తూనే ఉంది. ఈ విషయంలో పెళ్లిచూపులకు వెళ్లాక ధైర్యం తెచ్చుకోవడం చాలా కష్టం, అప్పటికి మేనమామలు, పెద్దనాన్నలు మాటలు కలిపేసి ఉంటారు. కొడుకు చదువుకుంటున్నప్పుడే, ఇంటిల్లిపాదీ కూర్చున్న వేళ, తీసుకోబోమని తండ్రి పైకి చెప్పాలి, కొడుకు కూడా చెప్పాలి, మధ్యవర్తికి మొదటి ఫోన్‌లోనే ఆ మాట తెలియాలి.

రెండవది, వాక్యం మనకు స్వేచ్ఛ ఇచ్చిన విషయం. ఊళ్లో ఉండటమా, హైదరాబాదు వెళ్లడమా, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లడమా అన్నది ఇలాంటిదే. ఇక్కడ లోతు అడగని ప్రశ్నలను మనం అడగాలి. జీతం, వీసా, వాతావరణం సరే, అక్కడ మనం ఏ సంఘంతో కూడుకుంటాము, పిల్లలు ఎవరి మధ్య పెరుగుతారు, ఇక్కడ మిగిలే అమ్మానాన్నలను ఎవరు చూస్తారు, భార్య నిజంగా ఒప్పుకుందా లేక అలసి ఊరుకుందా? ఆలోచన చెప్పేవారు చాలామంది ఉంటే ఉద్దేశాలు దృఢపడతాయని సామెతలు 15వ అధ్యాయం అంటుంది. అయితే వెళ్లమనేవారినే ఏరి అడిగితే అది ఆలోచన కాదు. మీ మాట కాదనగల పెద్దను ఒకరినైనా అడగండి. ఆ తరువాత నిర్ణయించుకుని కదలండి. వాక్యం పాదాలకు దీపమని కీర్తన అంటుంది, పాదాల దగ్గరి దీపం నాలుగడుగుల మేరనే చూపుతుంది. దారంతా వెలిగేదాకా కదలనన్నవారు గడపలోనే ఉండిపోతారు. “ప్రభువు చిత్తమైతే” అన్న యాకోబు మాటను నిర్ణయం వాయిదా వేయడానికి కాక, తీసుకున్న నిర్ణయాన్ని చేతిలో వదులుగా పట్టుకోవడానికి వాడాలి.

తప్పినప్పుడు చేయవలసినది

“మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును” అన్న గలతీయుల వచనాన్ని మనం చేసుకున్నవారికి చేసుకున్నంత అన్న సామెతతో కలిపేసి చదువుతాము. రెండూ ఒకటి కావు. ఆ వచనం మన చేతిలోని విత్తనం గురించి మనకు చెప్పినది, పక్కింటివారి జబ్బు చూసి తీర్పు చెప్పడానికి ఇచ్చినది కాదు. పుట్టు గుడ్డివాడి విషయంలో వీడు పాపం చేశాడా, వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు.

మనవైపు తప్పు జరిగితే రాత్రి పడుకునే ముందే దానికి పేరు పెట్టి ఒప్పుకోవాలి. “ఈ రోజు ఏవైనా పొరపాట్లు చేసి ఉంటే” అనే ప్రార్థన దేనినీ కదిలించదు. “బిల్లులో మూడు వందలు ఎక్కువ వేశాను” అన్నది కదిలిస్తుంది, ఎందుకంటే మరునాడు ఆ మూడు వందలు తిరిగి ఇవ్వవలసి వస్తుంది. పన్ను వసూలుదారు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ పొందినా కొంత పంట కోయక తప్పదని, పాపం తరువాత దావీదు రాజు ఇంట్లో వచ్చిన కలహాలు చూపుతాయి, ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి. అయితే పాత ఎంపిక తలరాతగా మారిపోదు. సొదొమ నాశనమయ్యాక లోతు కథ ముగిసిన గుహలో నుంచే మోయాబు జాతి పుట్టింది. ఆ మోయాబు నుంచే, ఎన్నో తరాల తరువాత, రూతు అనే విధవరాలు అత్తను విడువనని బేత్లెహేము దారి పట్టింది. ఆమె అక్కడ మొదట చేసిన నిర్ణయం రేపు ఎవరి పొలంలో పరిగె ఏరుకోవాలన్నదే. సాయంత్రానికి దాదాపు తూమెడు యవలు అత్తకు తెచ్చి చూపింది. మత్తయి సువార్త మొదటి పుటలో, దావీదు పూర్వీకుల వరుసలో ఆమె పేరు ఉంది.

రెండవ వారం నోటుపుస్తకాన్ని మళ్లీ తెరిచినప్పుడు అన్ని వరుసలనూ దిద్దబోవద్దు, అలా చేసినవారు పదిహేను రోజుల్లో పుస్తకాన్నే మూసేస్తారు. ఒక్క వరుస ఎంచుకోండి. దానికి గడియ, చోటు రాయండి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి, వచ్చే శనివారం రాత్రి దాని గురించి అడగమని వారికే అప్పగించండి.