ఇంకుడు గుంత తవ్వే ముందు ఈ రెండు పరీక్షలు చేయండి
మాది గుణుపురం పక్క పల్లె. మూడేళ్ల కిందట పెరట్లో ఇంకుడు గుంత తవ్వించాం. పైన మట్టి ఎర్రగా, ఇసుక ఇసుకగా ఉంది కదా, నీళ్లు ఇట్టే దిగిపోతాయి అనుకున్నాం. మొదటి పెద్ద వానకి నిండిన గుంత వారం దాకా అలాగే ఉండిపోయింది, ఇంటినిండా దోమలు. నీళ్లు తోడేసి చూస్తే అడుగున తెల్లటి సుద్ద, అంటే నీళ్లు దిగనివ్వని సన్నటి బంకమన్ను.

ఆ సుద్ద ఎక్కడినుంచో రాలేదు, మన తూర్పు కనుమల కొండల్లోదే. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు, కోణార్క గుడి కట్టింది కూడా ఎక్కువగా ఆ రాయితోనే. వాన నీరు గాలిలోంచీ, మట్టిలోని వేళ్ల దగ్గరా కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. అది వేల ఏళ్లు నానబెడితే రాయిలోని ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ సుద్ద అవుతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి నేలకి ఎర్ర రంగు ఇస్తుంది, క్వార్ట్జ్ మాత్రం లొంగక ఇసుకగా మిగులుతుంది. సన్నటి బంకమన్ను వానతో కిందికి దిగుతుంది కాబట్టి పైపొర చూసి లోపలి సంగతి చెప్పలేం.

అందుకే మట్టి రెండు చోట్ల తీయండి: పైన జానెడు లోతులో ఒకటి, గుంత అడుగు వచ్చే లోతులో ఒకటి. గునపంతో సన్నటి గొయ్యి చాలు. రాళ్లు, వేళ్లు ఏరేసి, గాజు సీసాలో మూడో వంతు దాకా మట్టి పోసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి ఐదు నిమిషాలు బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగున చేరేది ఇసుక, అక్కడ గీత పెట్టండి. రెండు గంటలకి దానిపైన చేరేది ఒండ్రు, మళ్లీ గీత. రెండు రోజులకి తేరుకున్నాక పైన కనిపించేది బంకమన్ను. మొత్తం పది సెంటీమీటర్లుంటే అందులో ఆరు ఇసుకైతే 60 శాతం ఇసుక, అంతే లెక్క. నా అడుగు మట్టిలో సగానికి పైగా బంకమన్నే!

సీసా చూసి ఆగకండి, అసలు తేల్చేది నీళ్ల పరీక్షే. అదే లోతులో అడుగు వెడల్పు, అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి పూర్తిగా ఇంకనివ్వండి, ఎందుకంటే ఎండిన నేల మొదట ఎంతైనా తాగేస్తుంది, ఆ లెక్క నమ్మితే మోసపోతాం. రెండోసారి నింపి, పుల్ల గుచ్చి గంటకి ఎంత తగ్గిందో కొలవండి. అంగుళం కన్నా తక్కువైతే అక్కడ తవ్వించకండి, ఇంకోచోట చూడండి. మేం పెరటికి అవతల మెరక వైపు చూస్తే గంటకి రెండు అంగుళాలు దిగింది.

ఇంటి గోడకి కనీసం పదడుగుల దూరం ఉంచండి, మరుగుదొడ్డి గొయ్యికి ఇంకా ఎక్కువ. వాన నీరు తప్ప స్నానాల నీళ్లు, సబ్బు నీళ్లు అందులోకి పంపొద్దు, అది మన బావిలోకే చేరుతుంది. మృగశిర కార్తెకి ముందే గుంత పైపొర ఇసుక తీసి కడిగి మళ్లీ వేయండి. నిరుటి వానలు తెచ్చిన ఒండ్రు అక్కడే పేరుకుని దారి మూసేస్తుంది.