కొత్త కాలనీలో ఇల్లు తీసుకునే ముందు అక్కడి నేరాల తీరు తెలుసుకోవడం ఎలా?

ఇల్లు అద్దెకు తీసుకునేవారైనా, కొనుక్కునేవారైనా మంచినీళ్లు వస్తాయా, బడి ఎంత దూరం, వాస్తు కుదిరిందా అని పదిమందిని ఆరా తీస్తారు గానీ, ఆ వీధిలో దొంగతనాలు జరుగుతున్నాయా అన్న విషయంలో మాత్రం యజమాని చెప్పే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఆ మాట దాదాపు ఎప్పుడూ ‘ఇక్కడ అలాంటివేమీ లేవండీ’ అనే ఉంటుంది. హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నప్పటికీ, ఇక్కడ చెప్పే పద్ధతి వరంగల్, విజయవాడ వంటి నగరాల్లోనూ పనికొస్తుంది.

1. నగరం మొత్తం లెక్కతో కాలనీని అంచనా వేయకండి

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా వెలువరించే నివేదికలో నేరాల రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసుల సంఖ్య. ఈ నివేదిక ఆలస్యంగా వస్తుంది. 2022 సంవత్సరానిది 2023 డిసెంబరులో వచ్చింది. అందులో మహానగరాల రేటు కట్టడానికి 2011 జనాభా లెక్కలనే తీసుకున్నారు కాబట్టి, ఆ తరువాత జనం బాగా పెరిగిన హైదరాబాద్ వంటి నగరంలో రేటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే కేసులో అనేక నేరాలుంటే వాటిలో పెద్దదాన్ని మాత్రమే లెక్కిస్తారు గనుక, గొలుసు కోసం హత్య చేస్తే అది హత్యల ఖాతాలోకే వెళ్తుంది. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని ఆ సంస్థే హెచ్చరిస్తుంది. ఫిర్యాదు చేయగానే కేసు కట్టే స్టేషన్ పరిధి, బాధితులను తిప్పి పంపే స్టేషన్ పరిధి కంటే కాగితం మీద ప్రమాదకరంగా కనిపించవచ్చు.

పాత, కొత్త అంకెలను పోల్చేటప్పుడు సరిహద్దులు మారాయేమో కూడా చూసుకోవాలి. 2016లో సైబరాబాద్‌ను విడదీసి రాచకొండ కమిషనరేట్‌ను ఏర్పాటు చేసినప్పుడు సైబరాబాద్ కేసులు కొన్ని రాచకొండ లెక్కలోకి మారాయి. అంతమాత్రాన సైబరాబాద్‌లో నేరాలు తగ్గాయని అనలేము కదా.

2. మీ వీధి ఏ స్టేషన్ కిందికి వస్తుందో తేల్చుకోండి

ఒకే రోడ్డుకు ఇటువైపు ఒక స్టేషన్, అటువైపు మరొక స్టేషన్ ఉండటం నగరంలో మామూలే. ఇంటి నంబరు, దగ్గరి గుర్తు చెప్పి స్టేషన్‌లోనే అడగడం అన్నిటికన్నా సులువు.

3. ఎఫ్ఐఆర్‌లు చదవండి

ఈ పనిలో అసలైన సమాచారం దొరికేది ఇక్కడే, కాబట్టి ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు వెబ్‌సైట్లలోనూ ఎఫ్ఐఆర్‌లు చూసే వీలుంది. పిల్లలపై జరిగినవి సహా లైంగిక నేరాల కేసులు అందులో ఉండవు. అవి కనిపించలేదు కాబట్టి జరగలేదని అనుకోకూడదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. అందులో సెక్షన్ 303 దొంగతనం, 304 లాక్కుపోవడం, 305 ఇళ్లలో చోరీ, 331 ఇంట్లోకి అక్రమంగా చొరబడటం. అంతకుముందు జరిగినవైతే పాత ఐపీసీ 379, 380, 457 సెక్షన్ల కింద కనిపిస్తాయి.

సెక్షన్ చూసి ఆగిపోకండి. ఎఫ్ఐఆర్ ఫారంలో నేరం జరిగిన తేదీలు, సమయం, స్టేషన్ నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఏ బీట్ (పోలీసుల గస్తీ ప్రాంతం) అన్న గడులుంటాయి. ఇంటి చోరీ కేసులో ‘నుంచి’, ‘వరకు’ తేదీల మధ్య మూడు నాలుగు రోజుల తేడా ఉందంటే, ఇంటివారు తాళం వేసి ఊరెళ్లినప్పుడు జరిగి ఉండవచ్చు. అటువంటివి సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల చుట్టూ పోగుపడితే మీ జాగ్రత్త ఒక రకంగా ఉండాలి. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెడుతున్నవారి మెడలో గొలుసులు తెంచుకుపోయిన కేసులుంటే మరో రకంగా ఉండాలి. ఆన్‌లైన్ మోసాల కేసులను ఈ లెక్క నుంచి తీసేయండి. బాధితుడు ఆ కాలనీలో ఉంటాడు గానీ, మోసగాడు ఎక్కడో కూర్చుని ఉంటాడు.

వెబ్‌సైట్‌లో దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ‘ఫలానా స్టేషన్ పరిధిలో గత రెండేళ్లలో నమోదైన ఇళ్ల చోరీలు, బీట్ల వారీగా’ అని సూటిగా రాయండి. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

4. మూడు వేళల్లో వెళ్లి చూడండి

వీధులు నిర్మానుష్యంగా ఉండే మధ్యాహ్నం, రాత్రి పది దాటాక, తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి. రాత్రి బస్టాపు నుంచో, మెట్రో స్టేషన్ నుంచో ఇంటి వరకు నడవండి. కారులో తిరిగితే వెలగని వీధి దీపాలు, తుమ్మచెట్లు పెరిగిన ఖాళీ ప్లాట్లు, సగంలో ఆగిన కట్టడాలు కంటికి ఆనవు. వైన్‌షాపు పర్మిట్ రూమ్ మూసేవేళ ఆ వీధి ఎలా ఉంటుందో ఇంట్లోని ఆడవాళ్లు కూడా చూసి చెప్పాలి.

5. అడగవలసినవారిని అడగండి

‘ఇక్కడ భయం ఏమైనా ఉందా?’ అంటే ఎవరూ నిజం చెప్పరు. ‘ఊరెళ్తే ఇల్లు ఎవరికి అప్పగిస్తారు?’ అని అడగండి, కబుర్లు వాటంతటవే వస్తాయి. ఇస్త్రీ బండి అతను, పాలు వేసేవారు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పే మాటకు బ్రోకర్ మాట కంటే ఎక్కువ విలువ ఇవ్వండి. ‘ఇక్కడంతా మనోళ్లేనండీ’ అన్నది, ‘ఆ పక్కనే బస్తీ ఉంది, జాగ్రత్త’ అన్నది భద్రత గురించి ఏమీ చెప్పని మాటలు. కులాన్నీ పేదరికాన్నీ నేరానికి కొలమానం చేసుకుంటే తప్పు లెక్క వస్తుంది.

6. కెమెరాలను లెక్కపెట్టి సంతోషించకండి

రికార్డర్ ఎవరింట్లో ఉంది, ఎన్ని రోజుల దృశ్యాలు నిల్వ ఉంటాయి, చివరిసారి ఎప్పుడు తీసి చూశారు అని కాలనీ సంఘం వారిని అడగండి. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద చందాలు వేసుకుని పెట్టించుకున్న కెమెరాలైతే, మరమ్మతుల ఖర్చు ఇప్పుడు ఎవరు భరిస్తున్నారో కూడా తెలుసుకోవాలి.

7. దిగాక చేయవలసినవి

వంటింటి కిటికీ గ్రిల్, వెనక తలుపు గొళ్లెం, పక్క డాబా మీది నుంచి మీ డాబా మీదికి దాటే వీలు చూసుకోండి. బయటికి వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని చాటుతుంది గనుక, తలుపులోనే ఇమిడే తాళం మేలు. బీట్ కానిస్టేబుల్ నంబరు తీసుకుని, ఊరెళ్లే ముందు స్టేషన్‌కు చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ మీ ఊళ్లో అందుతోందేమో కనుక్కోండి. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేసి, ఏ వస్తువునూ కదపకుండా పోలీసులు వచ్చేవరకు ఆగండి. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అది చేతికి వచ్చాకే స్టేషన్ నుంచి కదలండి.