ముసురు రోజుల్లో వరి పైరు జాగ్రత్త

వారం పది రోజులు వరసగా మబ్బు పట్టిందంటే అందరం వాన గురించే కంగారు పడతాం గానీ వరికి అసలు దెబ్బ ఎండ లేకపోవడం వల్ల తగుల్తుంది, నీళ్లు ఎక్కువైతే గండి కొట్టి తీసేయొచ్చు, ఎండని తెచ్చి పెట్టలేం కదా.

నాటిన కొత్తల్లో మబ్బులుంటే పిలకలు (దుబ్బులో వచ్చే పక్క కాడలు) తగ్గుతాయి, తర్వాత ఎండ కాస్తే చాలావరకు కోలుకుంటుంది. చిరుపొట్ట (కాడలోపల వెన్ను, అంటే కంకి, మొదలయ్యే దశ) నుంచి ఈనేదాకా, అంటే వెన్ను బయటికొచ్చేదాకా ఉండే నెల రోజులు మాత్రం అలా కాదు, వెన్నుకి ఎన్ని గింజలో అప్పుడే తేలిపోద్ది. ఈనాక పాలు పోసుకునేటప్పుడు ఎండ లేకపోతే తాలు (నిండని పొల్లు గింజలు) పెరుగుద్ది, గింజలోకి చేరే పిండి ఎక్కువ భాగం ఆ టైంలో పై ఆకులు తయారు చేసేదే మరి.

అందుకే నారు పోసే ముందే లెక్కేస్కోండి, 120 రోజుల రకమైతే విత్తిన 55-60 రోజులకి చిరుపొట్ట, 90 రోజులకి ఈనిక, అవి బాగా మబ్బుపట్టే రోజుల్లో పడకుండా చూస్కోండి. డౌటుంటే పెద్ద పిలక ఒకటి పీకి మొదలు దగ్గర బ్లేడుతో నిలువునా చీల్చండి, పై కణుపు మీద మిల్లీమీటరంత తెల్లటి నూగులా కనిపిస్తే అదే వెన్ను.

ఇక యూరియా. ముసుర్లో పైరు ఎదగట్లేదని ఇంకో దఫా చల్లేస్తారు, పక్క పొలంలో వేశారని కూడా వేస్తారు, దయచేసి వద్దు. ఎండ లేనప్పుడు యూరియాలోని నత్రజనిని పైరు సరిగ్గా వాడుకోలేదు, ఆకు మెత్తబడి కాడ సన్నగా పొడుగ్గా సాగి గాలికి పడిపోద్ది, అగ్గితెగులూ పాముపొడా లాంటి తెగుళ్లు అలాంటి పైరు మీదకే ముందొస్తాయి. తెరిపిచ్చి రెండ్రోజులు ఎండ కాసాక, ఆకు రంగుల చార్టు (ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే పట్టీ) పెట్టి చూసి కొంచెం కొంచెంగా వేస్కోండి, చిరుపొట్ట దఫాలో పొటాష్ మర్చిపోవద్దు.

పైరుకి గాలీ వెలుతురూ తగలాలంటే నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గట్టు మీద నీడనిచ్చే కొమ్మలు కొట్టేయండి.

ముసురున్నన్ని రోజులూ పొలంలోకి దిగి చూడాలి, గట్టు మీద నుంచి చూస్తే ఏమీ తెలీదు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు ఉంటే అగ్గితెగులే, లీటరు నీళ్లకి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కలిపి కొట్టండి. దుబ్బుని మొదలు దగ్గర తడితే, రసం పీల్చే సుడిదోమ ఉంటే నీళ్ల మీద రాలి కనిపిస్తుంది. పైరు పూత మీద ఉంటే మాత్రం పొద్దున మందు కొట్టొద్దు, మబ్బు రోజుల్లో పూలు ఇంకా లేటుగా విచ్చుకుంటాయి, సాయంత్రం దాకా ఆగండి.