ఎఫ్‌సీ గేమ్‌లో అసలు ఫుట్‌బాల్ ఆడాలంటే సెట్టింగులు ఇలా సరిచేసుకోండి

ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్‌ను (పాత పేరు ఫిఫా) కొన్న రోజున ఉన్న సెట్టింగులతోనే ఆడుతూ పోతే 5-3, 6-4 స్కోర్లు మామూలైపోతాయి. మైదానంలో అలా జరగదు. ప్రీమియర్ లీగ్‌లో అన్నిటికంటే ఎక్కువ గోల్స్ పడ్డ 2023-24 సీజన్‌లో కూడా 380 మ్యాచ్‌లకు 1,246 గోల్సే, అంటే మ్యాచ్‌కి సగటున 3.28. గేమ్ నిజంగా అనిపించకపోవడానికి కారణం గ్రాఫిక్స్ కాదు, ఎవరూ తప్పులు చెయ్యకపోవడం. పాస్ పక్కకు పోవాలి, బంతి కాలికి తగిలి రెండడుగులు దూరం జరగాలి, షాట్ బారు పైనుంచి వెళ్లాలి. ఇవన్నీ మీకూ సీపీయూకీ, అంటే కంప్యూటర్ ఆడించే జట్టుకీ, సమానంగా జరగాలి. స్లైడర్ల (ఆట తీరును అంకెలతో పెంచే, తగ్గించే సెట్టింగులు) పని అదే.

ముందు ఏమీ మార్చకుండా ఐదు మ్యాచ్‌లు ఆడండి. ప్రతి మ్యాచ్ తర్వాత గోల్స్, షాట్లు, రెండు జట్ల పాస్ శాతం ఒక కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క లేకుండా స్లైడర్లు కదిపితే దేనివల్ల ఏం మారిందో తెలియదు.

తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి హాఫ్ లెంగ్త్ 10 నిమిషాలు పెట్టండి. 4 నిమిషాల హాఫ్‌లో ఎవరికీ ఓపిక ఉండదు, బంతి దొరకగానే ముందుకు పరుగే. 20 దాకా పెట్టుకునే వీలుంది గానీ అంతసేపు ఆడితే షాట్లు, గోల్స్ అసలు మ్యాచ్‌ని మించిపోతాయి. గేమ్ స్పీడ్ స్లో, డిఫికల్టీ వరల్డ్ క్లాస్ చాలు. ఇంకా కష్టమైన లెజెండరీకి వెళ్లేవాళ్లు కాంపిటీటర్ మోడ్‌ను ఆఫ్ చెయ్యాలి. లేకపోతే సీపీయూ డిఫెండర్లు కూడా స్కిల్ మూవ్‌లు చేస్తూ బంతిని దాచుకుంటారు.

ఇక స్లైడర్లు. యూజర్, సీపీయూ అని రెండు వరుసలుంటాయి, అన్నీ 50 మీద మొదలవుతాయి. పాస్ ఎర్రర్ మీకు 60, సీపీయూకి 65 పెట్టండి. ఎర్రర్ అంకె పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయి. సీపీయూకి ఎక్కువ ఎందుకంటే, పై డిఫికల్టీల్లో దాని పాసులు దాదాపు అన్నీ చేరిపోతాయి. మీ చేతి తడబాటు వల్ల మీ పాసులు ఎటూ కొన్ని పోతాయి. పాస్ స్పీడ్ రెండిటికీ 45, ఫస్ట్ టచ్ ఎర్రర్ 60, షాట్ ఎర్రర్ 55. గోల్‌కీపర్ ఎబిలిటీ 50 దగ్గరే ఉంచండి. స్ప్రింట్ స్పీడ్, యాక్సిలరేషన్ చాలా సున్నితం, ఒకటి రెండు అంకెలకు మించి కదపొద్దు. స్ప్రింట్ స్పీడ్‌ను ఒకేసారి 40కి దించితే మెరుపు వింగర్‌కీ ముప్పై అయిదేళ్ల సెంటర్ బ్యాక్‌కీ తేడా మాసిపోతుంది.

ఒక్కసారికి ఒక్క స్లైడరే మార్చండి. రెండు మ్యాచ్‌లు ఆడి మళ్లీ లెక్క చూడండి. పాస్ ఎర్రర్ 80 దాటితే రెండు గజాల పాస్ కూడా ఎటో పోయి ఆట గందరగోళమవుతుంది. షాట్ ఎర్రర్, కీపర్ రెండూ కలిపి పెంచితే పాతిక షాట్లు కొట్టినా 0-0 వస్తుంది. మార్కింగ్ ఎక్కువైతే డిఫెండర్లు మనిషికి అతుక్కుపోయి వాళ్ల వెనకాల ఖాళీ వదిలేస్తారు. లైన్ హైట్ (డిఫెండర్లు ఎంత ముందుకు వచ్చి నిలబడతారన్నది) పెంచి, డిఫెండర్లు నెమ్మదైనవాళ్లయితే వాళ్ల వెనక ఖాళీలోకి నిమిషానికో త్రూ బాల్ మీ నెత్తి మీంచి వెళ్తుంది. ఓడిపోయినప్పుడల్లా స్లైడర్ మీద చెయ్యి పెట్టే అలవాటు మాత్రం వద్దు. ఆ పని చేస్తే గేమ్ మీ ఆటకు వంగుతుంది, మీ ఆట మెరుగవదు.

అసలు రుచి కంట్రోల్స్‌లో ఉంది. గ్రౌండ్ పాస్, త్రూ పాస్ అసిస్టెన్స్‌ను (పాస్‌కి గేమ్ చేసే సాయం) అసిస్టెడ్ నుంచి సెమీకి మార్చండి. చెయ్యి తిరిగాక మాన్యువల్‌కి వెళ్లొచ్చు. మాన్యువల్‌లో స్టిక్ ఎటు తిప్పితే బంతి అటే, ఎంతసేపు నొక్కితే అంత బలం. కుడి వైపు పరిగెడుతున్న ఆటగాడితో వెనక ఎడమకు పాస్ కొట్టబోతే వాడు ముందు ఒళ్లు తిప్పుకోవాలి. ఆ అరక్షణంలో ప్రత్యర్థి కాలు పెట్టేస్తాడు. అందుకే పాస్ రాకముందే స్టిక్‌ను కొంచెం పక్కకు పట్టి, మొదటి టచ్‌లోనే ఆటగాణ్ణి మైదానం వైపు తిప్పుకోవాలి. ఇది చేతికి వచ్చిందంటే మిడ్‌ఫీల్డ్ ఆట మొత్తం మారిపోతుంది.

డిఫెన్స్‌లో టాక్టికల్ డిఫెండింగ్ పెట్టుకోండి. ప్లేస్టేషన్‌లో ఎల్2 పట్టి జాకీ చేస్తూ (ప్రత్యర్థికి ఎదురుగా పక్కకు కదులుతూ) గోల్‌కీ బంతి ఉన్న ప్రత్యర్థికీ మధ్య నిలబడండి. బంతి అతని కాలికి దూరంగా జరిగినప్పుడే, దాన్ని లాక్కోవడానికి సర్కిల్ నొక్కండి. ఆర్1 పట్టుకుని తోటి ఆటగాణ్ణి మీదకు పంపడం తేలిక, కానీ అతను వదిలిన చోటులోంచే గోల్ పడుతుంది.

కెమెరాకి టెలీ బ్రాడ్‌కాస్ట్ బాగుంటుంది, టీవీలో మ్యాచ్ చూస్తున్నట్టే ఉంటుంది. 32 అంగుళాల టీవీకి జూమ్ కొంచెం పెంచుకోండి, లేకపోతే ఆటగాళ్లు చీమల్లా కనబడతారు. ఆటగాడి కింద బటన్ల సూచనలు చూపే ట్రైనర్ ఆఫ్ చెయ్యండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి, మోషన్ స్మూతింగ్ ఆపండి. బటన్ నొక్కాక పాస్ ఆలస్యంగా వెళ్తోందంటే చాలాసార్లు తప్పు టీవీదే.

విజయవాడలో మే నెల మధ్యాహ్నం గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ప్లేస్టేషన్‌కి కంపెనీ చెప్పిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలే. టీవీ కింద అరలో మూసిపెడితే ఫ్యాన్ హోరెత్తుతుంది, వేడెక్కి ఆగిపోవచ్చు కూడా. చుట్టూ 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి, గాలి రంధ్రాల దుమ్ము నెలకోసారి తుడవండి. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే క్షణంలో కన్సోల్ ఆరిపోతే కెరీర్ సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే ఆ బెంగ ఉండదు.

జట్ల ఎంపికలో చాలామంది రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీ దగ్గరే ఆగిపోతారు. అందరూ మేటి ఆటగాళ్లే అయితే తప్పులు తగ్గి ఆట మళ్లీ మొదటికొస్తుంది. ఇద్దరూ ఒకే స్టార్ రేటింగ్ ఉన్న మధ్యస్థాయి జట్లను ఎంచుకోండి. ఫిఫా 22తో ఇండియన్ సూపర్ లీగ్ గేమ్‌లోకి వచ్చింది. ఆ సీజన్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మీ దగ్గరున్న గేమ్‌లో ఉంటే దానితో ఆడి చూడండి. రేటింగులు తక్కువ కాబట్టి ప్రతి పాస్ ఆలోచించి కొట్టాల్సిందే. మా దృష్టిలో ఈ గేమ్‌లో ఇంతకంటే మంచి పోటీ లేదు.

ఒకే గదిలో ఇద్దరు ఆడితే యూజర్ స్లైడర్లు ఇద్దరికీ పడతాయి, కాబట్టి గొడవ లేదు. పాస్ అసిస్టెన్స్ మాత్రం ఎవరిది వారిదే. ఒకరు మాన్యువల్, ఇంకొకరు అసిస్టెడ్ అయితే పోటీ తప్పుతుంది, మొదటే మాట్లాడుకోండి. గంట లెక్కన ఆడే పార్లర్లలో స్లైడర్లు ముట్టుకోనివ్వరు. అక్కడ పాజ్ మెనూలోంచి మీ కంట్రోల్స్ వరకు మార్చుకుని, వెళ్లేముందు పాత స్థితికి తెచ్చెయ్యండి. ఆన్‌లైన్ మ్యాచ్‌లకూ, కార్డులతో జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్ మోడ్‌కూ మీ స్లైడర్లు వర్తించవు. కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు ఆట తీరు మారొచ్చు, కాబట్టి మీ అంకెలన్నీ ఆ కాగితం మీదే రాసి ఉంచి, అప్‌డేట్ తర్వాత మళ్లీ రెండు మ్యాచ్‌ల లెక్క తీయండి.